సంచీ ఇలాగియ్యి తల్లీ

ఆమె దగ్గర నేను ఒక్క పాఠం కూడా వినలేదు. అయినా మేడం అంటే నాకు ఆ జువాలజీ మేడమే గుర్తొస్తారు. ఎదుటివాళ్ళ చేతిలో బరువు ముందు తను అందుకోవడం ఆమె అలవాటు. కొత్తగా పెట్టే చేపల పెంపకం కోర్సులో నన్ను చేర్చమని అడగడానికి, పూండి దాటి సముద్రపొడ్డున ఉన్న మా ఊరొచ్చినప్పుడు, మా అమ్మ నెత్తి మీది గంప దింపాకే మాట మొదలుపెట్టారు.

"సేపలకీ సదువేటి మేడమ్?" అని అమ్మ నవ్వింది. కానీ గంప దింపిన మనిషిని కాదనలేక నన్ను పలాసలో ఆ మేడం కాలేజీకి పంపింది.

తగినంతమంది చేరకపోతే కోర్సు ఎత్తేస్తామని కాలేజీవాళ్ళు ముందే చెప్పారట. కొత్తవాళ్ళకి స్వాగతం చెప్పే రోజు మేడం గేటు దగ్గరే నిలబడి, "సంచీ ఇలాగియ్యి తల్లీ" అంటూ ఒక్కొక్కరి సంచీ అందుకున్నారు. వచ్చింది నలుగురమే. ఖాళీ కుర్చీలు చూసి బెదిరి, మధ్యాహ్నానికి ముగ్గురు తమ సంచీలు అడిగి తీసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం ప్రిన్సిపాల్ గారు కోర్సు లేదన్నారు.

బస్టాండుదాకా నా సంచీ మేడమే మోశారు. మా బస్సొచ్చింది. నేను చెయ్యి చాపితే సంచీ ఇవ్వలేదు.

"ఇంకో బస్సుంది కదమ్మా. ఇంకొక్కరైనా వత్తారేమో, సూద్దామా?"

"సీకటి పడిపోద్ది మేడమ్. అమ్మ కంగారు పడతాది."

అప్పుడు సంచీ నా భుజానికి తగిలించారు. బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. పక్క బస్సు దిగిన ఎవరో అమ్మాయి వైపు మేడం చెయ్యి చాపుతున్నారు. ఆ అమ్మాయి సంచీని గుండెలకు హత్తుకుని వెనక్కి జరిగింది.