మూడో అంతస్తు దుప్పట్లు

సుండ్స్‌వాల్‌ పట్టణంలోని ఆ మూడంతస్తుల అద్దెవాటాల ఇంటికి నేలమాళిగలో బట్టలుతికే గది ఉంది. గోడకు ఒక పలక, దాని నిండా పూటకొక గడి. ఎవరి చిన్న తాళం ఏ గడిలో ఉంటే ఆ పూట యంత్రాలు వాళ్లవి. ఇంకొకరి పూటలో వేలుపెట్టడం ఆ ఇంట్లో దొంగతనం కన్నా పెద్ద తప్పు. తప్పు చేసినవాళ్లను ఎవరూ పల్లెత్తు మాట అనరు. కాగితం మీద రాసి యంత్రానికి అతికిస్తారు. కింద సంతకం ఉండదు.

లిస్‌బెత్ ఆ ఇంటికొచ్చి పదకొండు వారాలైంది. బస్సు నడిపి మధ్యాహ్నం రెండింటికి వచ్చేసరికి ఐదో కాగితం కనబడింది.

"ఇది ఉతుకుడు గది. వృద్ధాశ్రమం కాదు!!!"

పక్కన బల్ల మీద ఎవరివో నీలిచారల దుప్పట్లు, అంచుకు అంచు కలిపి, పెట్టెలో పేర్చినంత చక్కగా మడతపెట్టి ఉన్నాయి. వాటి ముందు తల్లి గున్వర్ నిలబడి చేత్తో ఇంకా సాపు చేస్తోంది. ఆసుపత్రి బట్టలు ఉతికే చోట ముప్పైయొక్క ఏళ్లు పనిచేసిన మనిషి. ఇప్పుడు అన్నీ మరిచిపోయింది, మడత తప్ప. ఎవరి పూటైనా కిందికి దిగి, దొరికిన బట్టలన్నీ మడతపెట్టేస్తుంది.

"వచ్చావా కొత్త పిల్లా? ఆలస్యంగా వస్తే జీతం కోస్తారు," అంది గున్వర్.

ఆమె కూతురిని చివరిసారి గుర్తుపట్టి నెలైంది.

విడాకుల తర్వాత లిస్‌బెత్ తన ఇల్లు అమ్మింది. పొయ్యి మీద గిన్నె మరిచిపోయి వంటగది తగలబెట్టాక గున్వర్ ఇల్లూ అమ్మారు. లిస్‌బెత్ కూతురు తూవాతో కలిసి ముగ్గురూ ఈ మూడు గదుల్లో కొత్తగా మొదలుపెట్టారు. నిన్న ఇంటి యాజమాన్యం నుంచి ఉత్తరం వచ్చింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఖాళీ చేయాలట. తమ్ముడు స్టెల్లాన్ ఫోన్‌లో చల్లగా చెప్పాడు: "అమ్మను హోమ్‌లో చేర్చెయ్. ఆమెకూ సుఖం, నీకూ సుఖం."

"నువ్వొచ్చి ఒక్క వారం ఆమె వెనక తిరుగు. అప్పుడు సుఖం గురించి మాట్లాడదాం," అని లిస్‌బెత్ ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు ఆ కాగితాన్ని యంత్రం మీంచి చింపింది. పలక మీద ఈ పూట గడిలో ఉన్నది మూడో అంతస్తు హెడ్‌లుండ్ తాళం. దుప్పట్లు చంకలో పెట్టుకుంది. తల్లి చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. చెప్పకుండా ఒకరి తలుపు తట్టడం ఇక్కడ మర్యాద కాదని ఆమెకు తెలుసు. తట్టలేదు, బాదింది.

మూడో అంతస్తులో హెడ్‌లుండ్ తలుపు జానెడు తెరిచాడు. అతని చూపు ముందు దుప్పట్ల మీద పడింది.

"ఇవి మీవేనా?"

"అవును, కానీ..."

"ఈ రాత?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అందులో ఎవరి పేరూ రాయలేదు కదా."

"అందుకే అడుగుతున్నా. వృద్ధాశ్రమం కాదన్న మాట మా అమ్మ మొహం మీద అనండి. ఇదిగో, ఇక్కడే ఉంది."

గున్వర్ అతన్ని ఎగాదిగా చూసింది. "ఈయన కాలర్‌కు గంజి చాల్లేదు. ఎవరు ఉతికారు?"

"నేనే," అన్నాడు హెడ్‌లుండ్, అప్రయత్నంగా.

"కనబడుతూనే ఉంది."

లిస్‌బెత్‌కు నవ్వు రాలేదు. "యాజమాన్యానికి ఫిర్యాదు చేసిందీ మీరేనా?"

"మీ అమ్మగారికి... ఒంట్లో బాగాలేదని తెలియదు."

"తెలియాలంటే తలుపు తట్టాలి. కాగితం అంటిస్తే ఎలా తెలుస్తుంది? ఫోన్ చేయండి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పండి. చెప్పేదాకా నేను కదలను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మా అమ్మకు రేపటికి ఏది గుర్తుంటుందో తెలియదు. నాకు మాత్రం అన్నీ గుర్తుంటాయి."

అతను గుమ్మంలోనే నిలబడి ఫోన్ చేశాడు. రెండుసార్లు మాట తడబడింది. చివరికి "ఉపసంహరించుకుంటున్నాను" అన్నాడు. దుప్పట్లు అందుకుని, థాంక్స్ చెప్పాలో వద్దో తేల్చుకోలేక తలుపు వేసుకున్నాడు.

లిస్‌బెత్ గెలిచినా కోపం తగ్గలేదు. ఎవరి మీదో ఆమెకూ తెలియదు. చిన్నప్పుడు మూలలు కలవలేదని దుప్పటి లాక్కుని చెంప పగలగొట్టిన ఈ అమ్మ మీదేనేమో. ఆ దెబ్బ కూడా ఇప్పుడు తనొక్కదానికే గుర్తుంది.

ఇంటికి వచ్చాక గున్వర్ అలమరలోంచి తమ దుప్పటి తీసి ఒక అంచు కూతురి చేతికిచ్చింది. "పట్టుకో కొత్త పిల్లా. లాగు."

లిస్‌బెత్ లాగింది. ఉన్న కోపమంతా పెట్టి లాగింది. గున్వర్ వెనక్కి వాలి, పాదాలు నేలకు ఆనించి, అంతకన్నా గట్టిగా లాగింది.

"ఇప్పుడొచ్చింది నీకు పని. రేపు కూడా రా," అంది.

"వస్తా," అంది లిస్‌బెత్, పళ్లు బిగించి.