మూత మీద రాయి

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం విడిపోయిన కొత్తలో, యంత్రానికి చేతకాని పని లోకంలో ఉందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ప్రొద్దుటూరులో ఫ్రిజ్జులు బాగుచేసే కొట్టు నాది. ముప్పై దాటినా పెండ్లి కాలేదు. బెంగుళూరు స్నేహితుడొకడు వదిలించుకున్న చిన్న బ్లోయరు చేతికి రాగానే, ఆ లోటూ దానితోనే తీరుతుందనుకున్నాను. మాంసానికి పొగబెట్టే డ్రమ్ముకు దాన్ని బిగించి, వేడి కొలిచే తీగ లోపలికి పంపితే చాలు. వేడి తగ్గితే బొగ్గుల మీదికి గాలి ఊదుతుంది, సరిపోయాక తనే ఆగిపోతుంది.

పులివెందుల దగ్గర గొర్రెలు మేపుకునే మా మేనమామ కూతురిని నాకిచ్చే మాట నడుస్తోంది. మైలవరం డ్యాము దగ్గర అందరం కలిసి భోంచేసి, లేచేలోపు ఖాయం చేసుకుందామన్నారు పెద్దలు. మామ పొట్టేలు తెచ్చాడు, నేను డ్రమ్ము తెచ్చాను, గాలి మాత్రం పిలవకుండానే వచ్చింది. (నమ్మితే నమ్మండి, ఆ పొద్దు కాకులు వెనక్కి ఎగరడం కళ్లారా చూశాను.) ఆ గాలి డ్రమ్ము సందుల్లో దూరి బొగ్గుల్ని రాజేస్తుంటే, బ్లోయరు ఆగినా వేడి ఆగలేదు. రేకు అడ్డం పెడితే, రేకు జమ్మలమడుగు దారి పట్టింది. చివరికి బంధువుల్లో ఒళ్లున్నవాళ్లను ఏరి, గాలికి వీపు పెట్టించి వరుసగా కూచోబెట్టాను.

"ఏందప్పా, మేం తినేదానికొచ్చినామా, నీకు గోడయ్యేదానికొచ్చినామా?" అన్నాడు మామ వరుస మధ్యలోంచి.

"కదలొద్దు మామా! నువ్వు జరిగితే గోడ కూలిపోతాది."

బ్లోయరు మీద వేడి చూపే అంకె కుదుటపడింది. అంతలో మరదలు వచ్చి మూత ఎత్తింది. "అయిందా బావా?" మూత తీస్తే వేడి బయటికి పోతుంది, మంట చచ్చిందనుకుని బ్లోయరు భోరున ఊదుతుంది, తిరిగి మూసేసరికి అంకె ఆకాశంలో ఉంటుంది. "శానా సేపుంది, తీయొద్దు" అన్నాను. కాసేపటికి మళ్లీ వచ్చి ఎత్తింది. "ఏం కట్టె పొగ బావా? మంచి వాసనొస్తాంది." చింతకట్టె అని అంకెకే చెప్పాను, ఆమె ముఖం చూడకుండా. మూడోసారి ఆమె చెయ్యి మూత మీద పడగానే, "అంత ఆకలైతే పోయి అరటిపండు తినుపో!" అని అరిచి, ఓ బండరాయి ఎత్తి మూత మీద పెట్టాను. గోడ మొత్తం నవ్వింది. ఆమె నవ్వలేదు. మళ్లీ రాలేదు కూడా.

మాంసం మాత్రం, అబ్బ, అంత బాగా మళ్లెప్పుడూ నా చేతిలో కుదరలేదు. పట్టుకుంటే ఎముక దానంతటదే జారి వచ్చింది. గోడకు గోడ లొట్టలేసింది. మరదలు ముట్టలేదు. మామ ఆమెను పక్కకు తీసుకుపోయి మాట్లాడి, తిరిగొచ్చి నెమ్మదిగా చేతులు తుడుచుకున్నాడు.

"మిషను శానా బాగుందప్పా. పిల్ల మాత్రం వద్దంటాంది."

తిరుగుదారిలో, ఆటోలో, వేడి తగ్గని డ్రమ్ముకు ఆ పక్క కూచున్న మా అవ్వ నా వైపు తిరిగింది. "ఒరే, ఆ పిల్ల కూర కోసరం వస్తాండిందనుకున్యావా? అంతమంది పెద్దోళ్ల ముందర నీతో మాట్లాడల్లంటే, ఆ మూత తప్ప ఇంకేముందిరా దానికి?"

మూత ఎత్తినప్పుడు ఆమె లోపలికి చూసిందో, నా వైపు చూసిందో ఇప్పటికీ చెప్పలేను. నేను అంకెను చూస్తున్నాను.

ఆ బ్లోయరు ఇంకా పనిచేస్తోంది. ఆదివారాలు గాలి లేకపోతే పెరట్లో పొగబెడుతుంటాను. మా ఆవిడకు పొగ పడదు, ఆ చాయలకే రాదు. అయినా మూత మీద రాయి మాత్రం పెట్టను.