శనివారం బెల్లు

పోర్టు క్వార్టర్ల క్లబ్బులో ప్రతి శనివారం సాయంత్రం వెటకారాల సభ. స్టీల్‌ప్లాంటు ఎప్పుడొస్తుందని నలుగురు వేదికెక్కి వాదించుకుంటుంటే, పదకొండేళ్లుగా గుమస్తా శ్రీరామ్మూర్తే మధ్యలో కూర్చుని సైకిల్ బెల్లు కొట్టి ఆపుతున్నాడు. ఎవర్ని వెక్కిరించాలన్నా ముందు తన బట్టతలతో మొదలెడతాడు; అందుకే ఏ ఆఫీసరుకూ కోపం రాదు. ఈమధ్య మోకాళ్లు సలుపుతున్నాయని, తన కుర్చీలో వారానికొకర్ని కూర్చోబెట్టమన్నాడు. మొదటి వారం బెల్లు అందుకున్న కొండలరావు, తన ఊసెత్తకుండా నేరుగా ముందు వరసలో కూర్చున్న ఆఫీసరు పొట్ట మీద జోకేశాడు. ఎవరూ నవ్వలేదు. తలలన్నీ వెనక వరసలోని శ్రీరామ్మూర్తి వైపు తిరిగాయి.

“రా బావా, ఇది నావల్ల అవదు,” అన్నాడు కొండలరావు.

శ్రీరామ్మూర్తి ముందున్న కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు. “నాను నిజంగానే అలిసిపోనాను బావా,” అన్నాడు.

అదీ జోకే అనుకుని ఆఫీసరుతో సహా హాలంతా గొల్లున నవ్వింది. శ్రీరామ్మూర్తి వెళ్లి బెల్లు అందుకున్నాడు.