వణికే గోడ

మా నాన్నకు అన్న, అంటే మా పెద్దబాపు, మేం బతకడానికి వలస వచ్చిన నార్పోలిలో, మా గది కిందున్న షెడ్డులోనే మరమగ్గాలు నడిపేవాడు. డ్యూటీ దిగి పైకి రాగానే గోడకు అరచెయ్యి ఆనించి చూసేవాడు. తాను ఇటు రాగానే షెడ్డు యజమాని సేఠ్ మగ్గాలు ఆపేస్తాడేమోనని అనుమానం. కింది మగ్గాల అదురుకు గోడ సన్నగా వణుకుతుంటేనే చాయ్ ముట్టేవాడు.

నేను ఫోన్‌లో దిమ్మెలు పేర్చి ఊళ్లు కట్టే ఆట ఆడేదాన్ని. కదిలే కట్టడాలకు కొత్త ఆలోచనలు పంపమని ఆ ఆట తయారుచేసేవాళ్లు అడిగితే, పైకి లేచే వంతెన ఒకటి కట్టి పెద్దబాపుకు చూపించాను. ఆయన కళ్లు చిన్నవి చేశాడు.

"వంతెన సరే. గీ ఇండ్ల గోడలు కదుల్తలేవేంది? పని నడుస్తుందో బంద్ అయిందో మందికి ఎట్ల తెలుస్తది?"

నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాను. అయినా వణికే గోడ కావాలని రాసి పంపాను. జవాబు రాలేదు.

ఆ వానాకాలం సేఠ్ మగ్గాలను తుక్కు కింద అమ్మేసి, షెడ్డును గోదాముకు ఇచ్చాడు. పెద్దబాపు వచ్చి గోడకు చెయ్యి ఆనించి, ఎంతకీ తియ్యలేదు. చాయ్ చల్లారిపోయింది.

చూడలేక, ఆటలో ఉన్నవాటితోనే ఊగే గోడ ఒకటి కట్టి ఆయన ముందు పెట్టాను. గోడ ఊగినప్పుడల్లా ఫోన్ కూడా వణికింది. ఆయన దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"దీని స్విచ్చు ఏ సేఠ్ చేతిల ఉన్నది?"

"నా చేతిలనే ఉన్నది, పెద్దబాపూ."

"గట్లయితే బంద్ చెయ్యకు" అన్నాడు. స్విచ్చు దగ్గరున్న నా బొటనవేలి మీంచి చూపు తిప్పకుండానే చల్లారిన చాయ్ అందుకున్నాడు.