మూడో సిలిండర్ చల్లగా ఉంది

బట్టల ఫ్యాక్టరీలో నూట పది కుట్టుమిషన్లు ఆమె చేతిమీదుగా నడుస్తాయి. బెల్టు జారినా, కుట్టు తప్పినా అందరూ కేకేసేది మెకానిక్కమ్మనే. మొదట్లో ఆ పేరు వెటకారానికి పెట్టారు. ఆరేళ్ళలో వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది. అంత పనిమంతురాలైనా, ఇంటి ముందు నిలబడే లారీ ఇంజన్ జోలికి మాత్రం ఆమె ఎన్నడూ పోలేదు. అది భర్త సొంత రాజ్యం. కుట్టుమిషను వేరు, లారీ వేరు అని ఆయన పెళ్ళయిన కొత్తలోనే గిరి గీశాడు. ఆమె మాత్రం కూరగాయలు తరుగుతూ, తల దువ్వుకుంటూ ఆ ఇంజన్ చప్పుడు వింటూనే ఉండేది.

ఆ ఆదివారం పొద్దున ఆయన లారీ స్టార్ట్ చేయగానే వంటింటి అలమరలో గ్లాసులు గలగలలాడాయి. దడదడమని వరసగా నడవాల్సిన ఇంజన్ మధ్యమధ్యలో ఒక దెబ్బ మింగేస్తోంది. బండి మొత్తం వణుకుతోంది. వెనక తెల్లటి పొగ. తెల్లారితే కొత్త బడికి బెంచీలు చేరవేయాలి. ఆయన షెడ్డు మేస్త్రీకి ఫోన్ చేస్తే, డీజిల్ పంపు విప్పి పట్నానికి పంపాలి, నాలుగు రోజులు పడుతుందన్నాడు. ఆయన మొహం వేలాడేసుకుని గుమ్మంలో కూలబడ్డాడు.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"పంపు పోతే ఆరు సిలిండర్లూ నీరసపడాలి కదండీ. నాకు ఒక్కటే తప్పుతున్నట్టు వినిపిస్తోంది."

"ఇది నీ కుట్టుమిషను కాదే," అన్నాడాయన. అయితే ఆ గొంతులో మునుపటి బిగువు లేదు.

వాకిట్లో కుర్చీ వేసుకున్న అత్తగారు, నాలుగు రోజులూ నీ దిగాలు మొహం చూడటంకన్నా దాన్ని చూడనివ్వరా అని కొడుకును కసిరింది.

ఇంజన్ చల్లారేదాకా ఆగి, మళ్ళీ స్టార్ట్ చేయించింది ఆమె. సిలిండర్లలోంచి పొగ బయటికొచ్చే గొట్టాలమీద, కాసేపు ఆగి, చెంబులోని నీళ్ళు వేళ్ళతో చిలకరించింది. మొదటిదానిమీద చుయ్‌మంది. రెండోదానిమీదా అంతే. మూడోదానిమీద నీటిబొట్లు ఆకుమీది వానచినుకుల్లా నింపాదిగా కిందికి జారాయి. నాలుగు, ఐదు, ఆరు మళ్ళీ చుయ్, చుయ్, చుయ్.

ఆమెకు పదిహేనేళ్ళుగా గోడవతల వినిపించిన మనిషి ఇప్పుడు ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టుంది.

ఆయన కిందికి దూకి వచ్చి తనూ నీళ్ళు చల్లి చూశాడు. ఇక ఆమె కొంగు దోపుకుంది, ఆయన చొక్కా చేతులు ఎగమడిచాడు. మూడో సిలిండర్‌కి డీజిల్ తెచ్చే పైపు నట్టును గుడ్డ అడ్డుపెట్టి వదులు చేస్తే, డీజిల్ చిమ్మింది కానీ ఇంజన్ చప్పుడు రవ్వంత కూడా మారలేదు. డీజిల్ అందుతోంది, మంట పుట్టడం లేదు. అయితే డీజిల్‌ను సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్ పాడయి ఉంటుందని ఆయన తేల్చాడు. మూడో నాజిలూ నాలుగోదీ ఒకదాని చోట ఒకటి మార్చి బిగించేసరికి ఎండ నడినెత్తికెక్కింది. జబ్బు నాజిల్‌దే అయితే ఇప్పుడది నాలుగులోకి పోవాలి.

స్టార్ట్ చేశారు. నాలుగోది చుయ్‌మంది. మూడోది మళ్ళీ మౌనం.

"చూశావా, పంపే," అని ఆయన స్పానర్ కింద పడేశాడు.

ఆమె కళ్ళు మాత్రం మెరిశాయి. "మంచిదేగా. పంపు డీజిల్ పంపుతోంది, నాజిల్ బాగుంది. ఇక మిగిలింది గాలి. పైమూత విప్పండి."

ఆయన స్పానర్ మళ్ళీ అందుకుని విప్పాడు. లోపల వాల్వులను నొక్కే చిన్న ఇనప చేతులు రెండేసి చొప్పున బారులు తీరి ఉన్నాయి. మూడో జతలో ఒకదాని నట్టు ఊడొచ్చేంత వదులైపోయింది. దాన్ని కిందనుంచి ఎత్తాల్సిన కడ్డీ చోటు తప్పి పక్కకు ఒరిగింది. గాలి వాల్వు తెరుచుకుంటే కదా సిలిండర్ ఊపిరి తీసుకునేది. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి వేలు చూపించారు. వేళ్ళు ఒకదానికొకటి తగిలి ఆయన నవ్వేశాడు.

కడ్డీ వంగిందేమోనని ఆమె నాపరాయి మీద దొర్లించి చూసింది. తిన్నగానే దొర్లడంతో దాన్ని తిరిగి దాని చోట నిలబెట్టింది. ఫ్యాక్టరీ సంచిలోంచి సందులు కొలిచే పల్చటి రేకుల గేజి తెచ్చి, ఇనప చేతికీ వాల్వుకీ మధ్య ఎంత సందు ఉంచాలో ఆయన చెబుతుంటే సరిపెట్టి, నట్టు బిగించింది. మిగతా పదకొండింటినీ వదలకుండా సరిచూసింది.

మూత బిగించి తాళం తిప్పగానే ఇంజన్ ఒక్క ఊపున అందుకుంది. చప్పుడు గుండ్రంగా, నిండుగా ఉంది. తెల్లపొగ కాసేపట్లో విడిపోయింది. ఆమె మళ్ళీ నీళ్ళు చిలకరించింది. ఆరుసార్లు చుయ్‌మంది. అత్తగారు కుర్చీలోంచే లెక్కపెట్టింది.

ఆయన షెడ్డు మేస్త్రీకి ఫోన్ చేసి, పంపు విప్పక్కర్లేదు, మా ఆవిడ చూసిందని చెప్పాడు. అవతల అతను నమ్మినట్టు లేడు. ఆయన ఆ మాటే మరింత గట్టిగా, వీధంతా వినబడేలా మళ్ళీ చెప్పాడు.

ఒక చుట్టు తిప్పి చూద్దామని ఆయన ఎక్కబోతుంటే అత్తగారు లేచింది. "నీ లారీ కొన్నాక ఒక్కసారైనా నన్నెక్కించావట్రా?" అని నిలదీసింది. కింద నుంచి కోడలు తోసి, పై నుంచి కొడుకు లాగి మొత్తానికి కూర్చోబెట్టారు. ఆ లాగుడులో ఆవిడ చేతులకూ మసి అంటింది. ముగ్గురూ నల్లటి చేతులతో, ఊరవతలి వంతెన ఎత్తు దాకా వెళ్ళారు. బండి వణక్కుండా ఎక్కింది.

పైకి చేరాక ఆయన గేరు మార్చబోయి ఆగాడు.

"మూడో గేరులో చిన్న గరగర వస్తోంది కొన్నాళ్ళుగా. విను."

ఆమె అప్పటికే కిందికి వంగి చెవి ఒగ్గింది.