పెట్టె తిన్న కొత్త మామిడి

మా ఆయన ఎండతో బతుకుతానని బయల్దేరిన మనిషి. ఆ బతికేదేదో ఎండ ఉన్నచోట బతకొచ్చు కదా. విజయనగరంలో మా డాబా మీద పొద్దున వడియాలు పెడితే మధ్యాహ్నానికి గలగలలాడేవి. అలాంటి డాబాని అద్దెకిచ్చేసి, చలికాలంలో బారెడు పొద్దెక్కినా పొగమంచు విడవని కొండల్లోకి తీసుకొచ్చాడు నన్ను. అనంతగిరి దాటాక అరకు రోడ్డు వదిలి, కాఫీ తోటల మధ్య నుంచి దిగే మట్టిదారి చివర ఉంటుంది మా ఊరు. ఊరంటే గుప్పెడు ఇళ్ళు, గెడ్డ అని పిలిచే ఓ వాగు, ఊరిచివర దేవత రాళ్ళు. అంతే.

పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు ఆయన. ఇంట్లో ఊరికే కూర్చుంటే చేతులు దురద పెడతాయి. "గ్యాసు బండ వద్దు, కరెంటు బిల్లు వద్దు. మనకి కావలసినవి మనమే ఎండతో చేసుకుందాం, ఊళ్ళో వాళ్ళకీ చేసి పెడదాం" అన్నాడు. మాకు పిల్లలు లేరు, ఇదేం పిచ్చి నాన్నా అని అడిగేవాళ్ళు లేరు. నేను అడగలేదా అంటే అడిగాను. నేను అడిగితే వినే అలవాటు ఆయనకి పెళ్ళైన నాటి నుంచీ లేదు.

వచ్చీ రాగానే ఒక పాత టీవీ డిష్షుకి అద్దం ముక్కలు అతికించి పొయ్యి చేశాడు. ఎండున్న రోజు అందులో అన్నం ఉడికేది, కాదనను. కానీ దాన్ని అస్తమానం ఎండవైపు తిప్పుతూ ఉండాలి. ఎవరు తిప్పాలి? నేనే. ఓ రోజు పప్పు రుబ్బుకుంటూ తిప్పడం మరిచిపోతే, ఆ వెలుగు తిన్నగా పోయి దండెం మీద ఆరేసిన నా వెంకటగిరి చీరకి చిల్లు పెట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి ఆ అద్దాల్లో తలలు దువ్వుకుని, బొట్లు సరిచేసుకుని, సంతకి వెళ్ళేవారు. ఒక్కరూ వండుకోలేదు. తరవాత నల్లరంగు కొట్టిన డ్రమ్ముతో వేణ్ణీళ్ళ యంత్రం. ఆ నీళ్ళు కాగేసరికి సాయంత్రమయ్యేది. సాయంత్రం ఆ చలిగాలిలో తలంటుకునే ధైర్యం ఆయనకే లేదు.

ఆపైన గాజుమూత వేసిన చెక్కపెట్టె ఒకటి, కూరలు ఉడకేసుకోవడానికి. మా పక్కింటావిడ కోడిపిల్లల్ని తెచ్చి అందులో పెట్టింది. లోపల వెచ్చగా ఉంటుందట! ఈయనకి కోపం వస్తుందనుకున్నాను. "చూశావా, వాళ్ళకి పనికొచ్చింది" అని మురిసిపోయాడు. ఆ పిల్లలకి రెక్కలొచ్చేదాకా మా కూర కట్టెపొయ్యి మీదే ఉడికింది, పొగంతా నా కళ్ళలోకే పోయింది. పక్కింటావిడ మటుకు మర్యాద తెలిసిన మనిషి. ఆ పిల్లల్లో ఒక పెట్టని నాకిచ్చింది. నల్లది, మెడ దగ్గర ఎర్రటి ఈకలు.

ఆ ఊళ్ళో నాకున్న ఒక్క ఊరట ఆవిడే. నాకంటే బాగా చిన్నది. నన్ను అక్కా అంటుంది. మేం దిగిన రోజే వచ్చి గుమ్మంలో కూర్చుని అడిగింది.

"పిల్లలెంతమందక్కా?"

"లేరమ్మా."

"ఓలమ్మా" అంది. తరవాత పెరట్లో పడేసిన డ్రమ్ములూ, రేకులూ, గాజు పలకలూ చూసి, "ఐతే మరి ఈ సామానంతా ఎవులు ఆడుకోడానికక్కా?" అంది.

ఆ రోజు నేను చాలాసేపు నవ్వాను. ఆ తరవాత అంతగా నవ్విన రోజు గుర్తులేదు. మొదటి వానాకాలం అయ్యేసరికి నా ఓపిక పూర్తిగా అయిపోయింది. బట్టలు ఆరవు, పప్పు ఉడకదు, ఎండ యంత్రాలన్నీ గోనెపట్టాల కింద నిద్రపోతుంటాయి. ఆయన మాత్రం మబ్బుకేసి చూస్తూ ఇంకో యంత్రానికి బొమ్మ గీస్తుంటాడు. ఒకరోజు తెగేసి చెప్పాను.

"వచ్చే వానలు పడేలోగా ఈ ఊళ్ళో ఒక్క మనిషైనా మీరు చేసిన వస్తువుని దాని పనికే వాడితే ఉందాం. లేదా మన డాబా మనకుంది. నేను దిగిపోతాను, మీరొచ్చినా రాకపోయినా."

ఆయన ఏమీ నొచ్చుకోలేదు. పందెం కాసినవాడిలా హుషారుగా పనిలోకి దిగాడు. మాఘమాసంలో పెద్ద పెట్టె తయారైంది. పాత కిటికీల గాజు, అడుగున నల్లరేకు, లోపల దోమల జాలి బిగించిన అరలు. కింద నుంచి గాలి వెళ్ళి, వేడెక్కి, పైనుంచి పోతుంది. తేమనంతా పట్టుకుపోతుంది. పెట్టిన వస్తువు దుమ్మూ ఈగా లేకుండా ఎండుతుంది. పెట్టె కాళ్ళకి చక్రాలు కూడా వేశాడు. ఎందుకంటే దాన్నీ ఎండవైపు తిప్పాలి. ఎవరు తిప్పాలో మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఈసారి పక్కింటావిడ కళ్ళు మెరిశాయి. ఇక్కడి వాళ్ళు పచ్చిమామిడి కోసి, ముక్కలు బండల మీద ఎండబెట్టి దాచుకుంటారు. వానాకాలమంతా పులుపంటే అదే. అంబలిలోకి నంజుకోవాలన్నా, గెడ్డలో పట్టిన పీతల పులుసుకైనా ఆ ఒరుగులే. "నిరుడు ముందే వానొచ్చి ముక్కలన్నీ బూజట్టీసినాయక్కా. పిల్లలు ఉప్పుతోనే తాగినారు అంబలి. ఈయేడు నీ పెట్టిలోనే ఏస్తాను" అంది. ఒక్కావిడైనా దొరికింది. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు.

ఏప్రిల్లో గాలివాన కొట్టింది. తెల్లారి లేచి చూస్తే ఊళ్ళో మామిడిచెట్ల కింద నేల కనబడలేదు, అన్నీ కాయలే. ఆకాశం కడిగినట్టుంది, ఎండ ఫెళ్ళుమంటోంది. ఇంకేం కావాలి? పక్కింటావిడ బుట్టలు బుట్టలు ఏరి తెచ్చి మా వసారాలో, పెట్టె పక్కనే పెట్టింది. పెట్టి ఊరుకుంది. మర్నాడూ ఊరుకుంది.

"కొయ్యవేమమ్మా?" అన్నాను.

"కొత్త అవ్వనేదు కదక్కా."

నాకు అప్పుడు అర్థమైంది. ఇక్కడ ఏ పంటైనా ముందు దేవతకి పెట్టి, పండగ చేశాకే మనుషులు ముడతారు. ఆ పండగ పేరే కొత్త. మామిడికీ ఓ కొత్త ఉంది. అది అయ్యేదాకా మామిడికాయ మీద ఎవరూ కత్తి పెట్టరు. ఆ రోజేదో చెప్పాల్సిన పెద్దాయన, దిశారి, పాడేరు వైపు చుట్టాలింటికి వెళ్ళాడు. ఎప్పుడొస్తాడంటే వచ్చినప్పుడు వస్తాడు.

"చెట్టున ఉన్నవి కొయ్యకండి, బాగానే ఉంది. ఇవి రాలిపోయాయి కదమ్మా!"

"రాలినా మామిడే కదక్కా" అంది చాలా నెమ్మదిగా.

నెత్తి బాదుకున్నాను. పైన ఎండ, కింద కాయలు, మధ్యలో పెట్టె. అన్నీ ఉన్నాయి, కత్తి పట్టే చెయ్యి లేదు. కాయలు మెత్తబడుతున్నాయి, వసారా అంతా పులిసిన వాసన. సంతరోజున పక్కింటావిడ అటు వెళ్ళగానే మా ఆయన బుట్టల దగ్గర చతికిలబడ్డాడు. "మనకా పట్టింపు లేదు కదా. మనం తినం. కోసి ఎండబెట్టి ఆవిడవి ఆవిడకే ఇద్దాం. పాపం, సంబరపడుతుంది" అన్నాడు. ఆ క్షణంలో అది నాకూ సబబుగానే తోచింది. కుళ్ళిపోయే వస్తువుని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. కత్తిపీట వేసుకున్నాను. ఇద్దరం కలిసి అరలన్నీ నింపేశాం.

సాయంత్రం ఆవిడ సంత నుంచి వచ్చింది. ఖాళీ బుట్టలు చూసింది. పెట్టె దగ్గరికెళ్ళి గాజులోంచి లోపలికి తొంగిచూసింది.

"ఓలమ్మా! మీ పెట్టి ముందే తినీసింది!"

అరవలేదు, తిట్టలేదు. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేదాన్ని. బుట్టలు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మా గుమ్మం తొక్కలేదు. గెడ్డ దగ్గరికి నీళ్ళకి వెళ్తే మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళు మాటలు ఆపేసేవారు. పిల్లలు పెట్టె నీడ పడకుండా చుట్టూ తిరిగి పోయేవారు. ఇంత జరుగుతుంటే మా ఆయన అరల్లో ముక్కలు తిప్పుతూ, "రంగు చూడు, బండ మీద ఎండితే ఈ రంగు వస్తుందా?" అంటాడు. ఆ మనిషిని ఏమనాలి?

నిజానికి పందెం నేను గెలిచాను. ఊళ్ళో ఒక్కరు వాడతారేమోనన్న ఆశ కూడా పోయింది. బట్టలు బ్యాగుల్లో సర్దడం మొదలుపెట్టాను. గెలిచిన మనిషికి సంతోషం ఉండాలి కదా. నాకు ఒళ్ళుమంట. ఆయన మీద, దిశారి మీద, రాలిన కాయల మీద. వసారాలో ఆవిడ ఖాళీ బుట్టలు కనబడిన ప్రతిసారీ ఏడుపొచ్చేది. నేను డాబా మీదకి పోయి హాయిగా కూర్చుంటాను, ఆవిడ పిల్లలు మళ్ళీ ఉప్పుతోనే అంబలి తాగుతారు. ఇంత దూరం వచ్చి మేం చేసిన ఉపకారం అదీ.

చివరికి దిశారి వచ్చాడు. ఓ పొద్దున ఊరంతా మా వాకిట్లో చేరింది. నడుం వంగిన పెద్దాయన, భుజాన తువ్వాలు. పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసినట్టు తిరిగాడు. వాళ్ళ భాషలో వాళ్ళు కొంతసేపు మాట్లాడుకున్నారు. అందులో నాకు ఒరియా ముక్కలు అక్కడక్కడా తెలిశాయి, మిగతాది తెలియలేదు. తరవాత మా వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"మీరు తిన్నారా?"

"లేదు బాబూ, ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు" అన్నాను. మా ఆయన వెంటనే వేడిగాలి పైకెలా పోతుందో చెప్పబోయాడు. కాలు తొక్కాను.

"ఈ పెట్టి ఎప్పుడు పుట్టింది?"

"మాఘమాసంలో చేశానండీ" అన్నాడు ఈయన.

పెద్దాయన తల ఊపాడు. "ఐతే ఇంకా ఏడాది నిండనేదు. పసిగుంట. పసిగుంట తెలక్క నోట్లో ఎట్టుకుంటే దేవతకి కోపం రాదు. దీనికి తప్పు నేదు."

గుంట అంటే ఇక్కడి వాళ్ళ మాటలో ఆడపిల్ల. అందరూ ఊపిరి వదిలారు. నేనూ వదిలాను. కానీ ఆయన మాట ఇంకా అవలేదు.

"తప్పు తల్లిది. సూసుకోవాల కదా. తల్లి కోడినిచ్చుకుంటే సరిపోద్ది. కొన్నది కాదు, పెంచుకున్న కోడి. తల్లెవులు?"

ఒక్కరూ ఆలోచించలేదు. ఊరు ఊరంతా నా వైపు చూసింది.

"నేనా? చేసింది ఈయన! కొలతలు ఈయనవి, మేకులు ఈయనవి, పిచ్చి ఈయనది!" అని కేకలేశాను.

అన్ని రోజుల తరవాత పక్కింటావిడ అప్పుడు నోరు విప్పింది. "బాబు సేసి ఒగ్గీసినాడు. పొద్దల్లా ఎండలోకి తిప్పిందెవులక్కా? సినుకు పడితే గోనె కప్పిందెవులు? మబ్బేస్తే ఒండుతున్న కూడు ఒగ్గీసి పరిగెత్తేది నువ్వు కాదేటి?"

సాయానికి పక్కకి చూశాను. మా ఆయన మాత్రం ఎంతో న్యాయంగా ఉందన్నట్టు తల ఊపుతున్నాడు.

కొత్త రోజున నా నల్ల కోడిపెట్టని చంకలో పెట్టుకుని దేవత రాళ్ళ దగ్గరికి వెళ్ళాను. దాన్ని ఇవ్వడానికి నాకు ప్రాణం ఒప్పలేదు, ఇచ్చాను. తిరిగి రాబోతుంటే ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ముందు వరసలో నిలబెట్టారు. ఆ ఏడాది బిడ్డలు పుట్టిన తల్లులకి కొత్త మామిడి ముందు పెడతారట. పిల్లని ఎత్తుకుని నిలబడాలట. పెట్టెని ఎలా ఎత్తుకోను? మా ఆయన పరుగున వెళ్ళి ఓ జాలి అర ఊడదీసుకొచ్చి నా చేతికిచ్చాడు. నా మేనకోడళ్ళ కంటే చిన్నవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని వరసగా నిలబడ్డారు. జుట్టు నెరిసిన నేను వాళ్ళ మధ్య దోమల జాలి చంకనేసుకుని నిలబడ్డాను. దిశారి ఒక్కొక్కరి నోట్లో ఉప్పద్దిన మామిడి ముక్క పెడుతూ వచ్చాడు. నా దగ్గర ఆగి, ముక్క పెట్టి, జాలి మీద కూడా చెయ్యి వేసి ఏదో చదివాడు. పులుపుకి కళ్ళలో నీళ్ళొచ్చాయని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను.

కొత్త అయ్యాక మేం ఎండబెట్టిన ముక్కలు తినడానికి పనికొస్తాయన్నారు. "నేను చెప్పలేదూ" అన్నాడు మా ఆయన. పక్కింటావిడ బుట్టలు నింపుకుని వెళ్ళింది. మర్నాటి నుంచి నా బతుకు చూడాలి. ఊరంతా కాయలు కోసుకొచ్చి ఒక్కసారే పడ్డారు. నాది ముందంటే నాది ముందని తగువులు. పసుపు కొమ్ములు తెస్తామని ఒకరు, పుట్టగొడుగులు తెస్తామని ఇంకొకరు. అర లాగడం రాదు, గాజు మీద మోచేతులు ఆనిస్తారు, మూత సగం వేసి పోతారు. పొద్దున లేచింది మొదలు నా గొంతు అరుపులతోనే సరి. బ్యాగుల్లో సర్దిన బట్టలు ఎప్పుడు బయటికి తీశానో నాకే గుర్తులేదు.

మొన్న పక్కింటావిడ అక్క అడ్డతీగల నుంచి చుట్టపుచూపుగా వచ్చింది. ముగ్గురం వసారాలో కూర్చున్నాం. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, అందరూ అడిగేదే అడిగింది.

"పిల్లలెంతమందమ్మా మీకు?"

నేను నోరు తెరిచేలోగా పక్కింటావిడ చింతపిక్కలు ఏరుతూ తలెత్తకుండా చెప్పేసింది. "ఒక గుంట. సిన్నది. దాన్తో శానా అవస్థ పడతంది ఈ అక్క."

సరిచెయ్యాలనే అనుకున్నాను. ఇంతలో కొండ మీంచి మబ్బు దిగింది, గోనెపట్టా కోసం పరిగెత్తాను.