అవ్వ వేళ్ళకు రాగి రేకులు

అవ్వకు చూపు పూర్తిగా పోయిన ఏడాది, ఆమె కోసం నేనొక ఫొటోల పుస్తకం మొదలుపెట్టినాను. చూడలేని మనిషికి ఫొటోలెందుకని మా అమ్మ అడిగింది. చాన్నాళ్ళు పుస్తకం ఖాళీగానే ఉండింది.

ఒకరోజు నంద్యాల బజార్లో గిన్నెల మీద పేర్లు కొట్టే చాచా దగ్గర కూర్చున్నాను. మా కొత్త బిందె మీద ఆయన కొట్టిన చుక్కల్ని ఊరికే తడిమితే, కళ్ళు మూసుకున్నా మా ఇంటిపేరు వేళ్ళకు తెలిసింది. అవ్వకు వేళ్ళతో చూసే బొమ్మలు చెయ్యాలనుందని ఆయనకు చెప్పినాను. పల్చటి రాగి రేకు చేతిలో పెట్టి, "కాల్చమ్మా. కాలిస్తే మాట వింటుంది" అన్నాడు.

పట్కారుతో పొయ్యి మీద పట్టుకుంటే రేకులో గులాబీ, ఊదా, నీలం రంగులు మబ్బుల్లా కదిలిపోయినాయి. వాటిని చూస్తా చూస్తా మొదటిది మాడ్చేసినాను. చల్లారినాక రేకు గుడ్డంత మెత్తగా అయ్యేది. దాన్ని మామిడాకు మీద, చేట మీద పరిచి చెంచా వీపుతో రుద్దితే ఈనెలూ అల్లికా పైకి తేలేవి. ఒత్తితే అణగకుండా వెనక మైనం పోసి, అంచులు మడిచి, పుస్తకంలో వాటి ఫొటోల పక్కన అతికించినాను.

తాత పేజీ కోసం ఆళ్ళగడ్డ పోయినాను. ఆయన ఆ ఊళ్ళో శిల్పి. నేను పుట్టకముందే పోయినాడు. ఆయన సగంలో వదిలేసిన రాయి శిల్పులు పనిచేసే చోట ఒక మూల ఇంకా ఉంది. దాని మీది ఉలి దెబ్బల మీద రేకు పరిచి రుద్దుకుంటా కూర్చున్నాను. చుట్టూ ఉలుల చప్పుడు, తెల్లటి రాతిపొడి. మధ్యాహ్నం ఎప్పుడైందో తెలీలేదు.

అవ్వ పుస్తకం తడిమింది. మామిడాకును గుర్తుపట్టింది. చేటను చాప అనింది. తాత పేజీ దగ్గర వేళ్ళు ఆగినాయి.

"ఇది మీ తాత చెయ్యి."

ఎట్లా తెలిసిందని అడిగినాను.

"ఎడమ చేత్తో కొట్టేటోడు. ఉలి దెబ్బలన్నీ ఇట్లే ఒకపక్కకు వాలతాండె."

ఆ రాయి ఆమె అడిగిన నెమలంట. గుడుల పనులన్నీ అయినాక చేస్తానని, ఆఖర్న మొదలుపెట్టినాడంట. నాకు ఆ రాతిలో నెమలి కనబళ్ళేదు.

మరుసటి వారం ఆమెను బస్సులో ఆళ్ళగడ్డకు పిల్చుకుపోయినాను. రాయి పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"ఈడ మెడ వచ్చేది. ఈడ పింఛం" అంటా, నా వేళ్ళను మెల్లగా ఉత్త రాయి మీద నడిపించింది.